ఇరవై మూడో తల్లి

ఫీల్డు సాయమట! ఏడేళ్లు నా కళ్లు మైక్రోస్కోపుకు అప్పజెప్పి పనిచేస్తే, పరిశోధన పేపరు ఆఖరి పేజీలో, ఏసీ మిషన్లు చూసుకునే ఆయనకూ బొమ్మలు గీసిపెట్టిన అమ్మాయికీ నడుమ ఇరికించి, "ఈగలు పట్టడంలో ఫీల్డు సాయం చేసిన సాజియాకు కృతజ్ఞతలు" అని రాశారు. ముందర షేక్ అని కూడా లేదు, ఉట్టి సాజియా, పనిమనిషిని కేకేసినట్టు. పొద్దున ప్రొద్దుటూరులో బయల్దేరి, జమ్మలమడుగులో బస్సు మారి, కిటికీ పక్క సీటు దొరికిందన్న సంబరంతో, థర్మాకోల్ పెట్టె ఒళ్లో సర్దుకుని, పులివెందుల చేరేదాకా చదువుకోవచ్చు కదా అని ఫోనులో ఆ పేపరు తెరిచాను. పేర్ల వరసలో మొదట రాజశేఖర్. నాకు రెండేళ్ల ముందు చేరినవాడు కాదు, అయిదేళ్ల తర్వాత చేరినవాడు. మగ ఈగ ఏదో ఆడ ఈగ ఏదో తెలీక మొదటి నెలంతా తెల్లమొహం వేస్తే, పక్కన కూర్చోబెట్టుకుని, వెనక కొస నల్లగా ఉన్నది మగది నాయనా, చారలు చారలుగా కొస సన్నంగా ఉన్నది ఆడది అని చూపించింది నేను. వాడి తర్వాత నలుగురు. ఆఖర్న సార్, నా గైడు. నేను ఎక్కడున్నానా అని రెండుసార్లు వెతికాను, నా కళ్లే ఎక్కడన్నా దాటేశాయేమోనని అక్షరాలు పెద్దవి చేసి మూడోసారి కూడా వెతికాను.

ఆ పేపరును మోసుకొచ్చిన మెయిలు మాత్రం ఎంత తియ్యగా ఉందో. ప్రియమైన సాజియా, నీకు శుభవార్త. పండ్ల ఈగల మెదడులో నాడీకణాలు నేర్చుకున్నదాన్ని బట్టి తమను తాము ఎలా మార్చుకుంటాయో చూసే ప్రాజెక్టుకు పోస్ట్‌డాక్టరల్ పోస్టు మంజూరైంది, మూడేళ్లు, నీ పేరు సిఫారసు చేశాను, రేపు మధ్యాహ్నం పన్నెండు లోపల ఒప్పుకుంటున్నట్టు రాయి, లేదంటే జాబితాలో రెండో మనిషికి వెళ్లిపోతుంది. పేపరు కూడా పంపుతున్నాను, ఒకసారి చూసుకుని అభ్యంతరం లేదని రాయి, లాంఛనమే. ఆ కింద, ఇంట్లోకి కూరగాయలు చెప్పినంత తేలిగ్గా, వచ్చేటప్పుడు మీ మామయ్యగారి మార్కెట్టులో అదే కుప్ప మీద నుంచి ఓ యాభై ఈగలు పట్టుకురా అని. ఇది రాత్రి వచ్చింది. వచ్చిన పది నిమిషాల్లో నేను ఏం చేశానో చెప్పుకుంటే సిగ్గు. అటక మీది థర్మాకోల్ పెట్టె దించి తుడిచాను. సీసాలు కడిగాను, దూది బిరడాలు చుట్టాను, వల చూసుకున్నాను. థాంక్యూ సార్ అని జవాబు రాసి, మరీ రాత్రే పంపితే ఆత్రం అనుకుంటారని డ్రాఫ్టుల్లో దాచాను. జనవరిలో థీసిస్ ఇచ్చి వచ్చినప్పటి నుంచి ప్రొద్దుటూరులో ఒక ఇంటర్ కాలేజీలో పిల్లల చేత బిట్లు బట్టీ పట్టిస్తూ బల్లలు కొడుతున్నాను, ఈ నెలతో ముప్పై నాలుగు నిండాయి, ఇటువంటి పోస్టులకు ముప్పై అయిదు దాటితే దరఖాస్తే తీసుకోరు. కాబట్టి ఆత్రం ఉంది. ఎందుకు లేదనాలి? ఆ పోస్టు నాకు కావాలి, ఇప్పటికీ కావాలి, ఆఖరి పేజీ చూశాక కూడా కావాలి, నా ఒళ్లు మండుతున్నది అందుకే.

"యాడికి పోతాండావు పాపా?" పక్క సీటామె. జమ్మలమడుగులో నాతోపాటే ఎక్కింది, పేరు పెంచలమ్మట, ముద్దనూరు పక్క పల్లె, పులివెందుల ఆసుపత్రిలో కూతురి కాన్పు చూడబోతోంది. పులివెందులకే పెద్దమ్మా అన్నాను. "ఆ డబ్బాలో ఏందది, టీకా మందులా?"

"ఉట్టిదే పెద్దమ్మా. ఈగలు పట్టుకొచ్చేదానికి తీసకపోతాండా."

"ఈగలా! ఈగలకు ఈడ్నించి ఆడికి పోవల్లనా? మా గొడ్ల కొట్టంలో బండెడు ఉండాయి, ఊరికే ఇస్తా రా."

"అవి కాదు పెద్దమ్మా. కుళ్లిన పండ్ల మీద ముసురుకుంటాయి చూడు, నూగుగింజంత ఉంటాయి, ఎర్ర కండ్లవి."

"చీనీకాయకు బొక్క పెట్టేదా? దానికి మేం మందు కొట్టలేక సస్తాండాం."

"అది వేరే జాతి. ఇది దేన్నీ చెడపదు, చెడిపోయినదాని మీదనే బతుకుతాది. దానికి మతి ఎంతసేపు ఉంటుందో చూస్తాం మేము."

"ఈగకు మతా!" ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ముందర మా ఆయనకు సూడు తల్లీ. పొద్దన జెప్పింది మాపటికి ఉండదు." ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. నేనూ నవ్వాను, కానీ నా బొటనవేలు ఆ ఆఖరి పేజీ మీదనే ఉంది, తెర ఆరిపోకుండా మాటిమాటికీ తాకుతూ.

ఎవరు పట్టారు ఈగల్ని, ఎవరికి సాయం? సిరాజుద్దీన్ మామూ పులివెందులలో పండ్ల వ్యాపారి, ఏడేళ్ల కిందట ఆయన మండీ వెనక చీనీకాయల, అదే బత్తాయిల కుప్ప, మచ్చ పడినవీ బూజు పట్టినవీ పారబోసిన కుప్ప, దాని మీద ఎర్రటి ఎండలో వల పట్టుకుని నేను. హమాలీలు పని ఆపి చూసేవాళ్లు, డాక్టరు చదువుతాండాది అన్నావే సిరాజన్నా, ఈయమ్మ ఈగలు తోలుకుంటాంది అని. మామూ ఎవడినీ నవ్వనిచ్చేవాడు కాదు, మూడు వారాలు ఆ కుప్పను ఊడ్చనివ్వలేదు, వాసనకు పక్క అంగడివాళ్లు గొడవపడితే మా పిల్ల పరీక్ష అయ్యేదాకా ఇంతే అన్నాడు. కుప్ప మీద పట్టడం ఒక పని, ఆ తర్వాతిది అసలు పని. పట్టినవాటిలో ఆడ ఈగల్ని ఏరి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క సీసాలో విడిగా పెట్టాలి. దాని పిల్లలు, ఆ పిల్లల పిల్లలు, అందరూ ఆ సీసా వంశమే, వేరే సీసాది ఒక్క మగ ఈగ దూరినా వంశం చెడిపోయినట్టే. అట్లా నలభై మంది తల్లులు, నలభై సీసాలు, నలభై చీటీలు. ఎవరు పట్టి నిలబెడితే ఆ వంశానికి వాళ్లే పేరు పెట్టడం మా ఈగల మనుషుల్లో మర్యాద. దేశదేశాల్లో ఉన్న మర్యాద అది. ఇరవై మూడో తల్లి సంతతికి నేను జైబున్నీసా అని పెట్టాను, మా నానీ పేరు, మా అమ్మకు అమ్మ. మా నానీ జమ్మలమడుగులో ఒక పెళ్లికి పోతే, పేదింటివాళ్లని చివరి పంక్తిలో కూర్చోబెట్టి ఉట్టి ఎముకలు వడ్డించారట. నలభై ఏళ్లు ఆ ఇంటి నీళ్లు ముట్టలేదు మనిషి. ఎండన పడి నడిచొచ్చి ఆ వాకిట్లో సొమ్మసిల్లినప్పుడు కూడా చెంబు పక్కకు నెట్టేసింది. చిన్నప్పుడు మాకు ఆమెను చూస్తే భయం, ఇప్పుడు తలుచుకుంటే కళ్లు చెమరుస్తాయి.

ఇంతకీ ఆ పేపరులో జైబున్నీసా ఎక్కడ? పీవీ ఏడు అని రాశారు. పులివెందులలో పీ, వీ. ఏడు ఎందుకో నాకు తెలీదు, రాజశేఖరుకు అదృష్ట సంఖ్యేమో! బస్సు నాపరాళ్ల కంచెల పక్క నుంచి పోతోంది, పొలాల్లో ఎవరూ లేరు, గాలి వేడిగా మొహానికి కొడుతోంది, ఈ వేడికి పెట్టెలో ఐసు గడ్డలు పెట్టకపోతే ఈగలు బస్సులోనే వాలిపోతాయి. ఐసు పులివెందులలో మామూ ఇస్తాడులే అని పొద్దున అనుకున్నాను. ఎంత ముందుచూపు, ఎంత బుద్ధి! ముద్దనూరు కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు దూరంగా కనపడటం మొదలైంది. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

పద్నాలుగు రోజులకొకసారి వాటిని కొత్త సీసాల్లోకి మార్చాలి, లేకపోతే పాత మేత ఎండిపోయి, పుట్టినవి పుట్టినట్టే సీసాలో చచ్చి అంటుకుపోతాయి. ఏడేళ్లలో ఆ పద్నాలుగో రోజు నేను తప్పలేదు. జ్వరం వస్తే జ్వరంతో పోయాను. ఈద్ నాడు పోయాను, ఫరూఖ్ నిఖా నాడు, సొంత అన్న పెళ్లి, బస్సు ఎక్కి రాత్రికి రాత్రి పోయి మార్చి వచ్చాను. మేత మేమే వండాలి, మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, పెద్ద గిన్నెలో గంట సేపు అడుగంటకుండా తిప్పుతూ. రంజాన్ నెలలో రోజా పట్టి ఆ బెల్లం పాకం ముందర నిలబడటం ఎట్లా ఉంటుందో సార్‌కు తెలుసా? అదే నెలలో ఆకలి పరీక్షలు కూడా. గొట్టంలో ఈగల్ని పెట్టి ఒక వాసన వదులుతూ చిన్న కరెంటు షాకు ఇస్తాం, ఇంకో వాసన వదిలి ఏమీ చెయ్యం. తర్వాత రెండు వాసనలూ రెండు వైపులా పెట్టి నడుమ వదిలేస్తే, నేర్చుకున్న ఈగ షాకు వాసన వైపు పోదు. మర్నాటికి కూడా గుర్తుంటే దాని మెదడులో నాడీకణాల కొసలు కొత్తగా చిగురు వేసినట్టు. కానీ ల్యాబులో తరతరాలుగా పెరిగిన ఈగల్ని ఒక రోజు పస్తు పెట్టామంటే అంతా మరచిపోతాయి, కొట్టిన చోటికే తిండి దొరుకుతుందేమోనని మళ్లీ పోతాయి. ఆకలిగొన్న మెదడు జ్ఞాపకానికి ఖర్చు పెట్టదన్నది లోకంలో అందరూ అనుకుంటున్న మాట. నేను పస్తు, అవి పస్తు, చీకటి గది, ఎర్ర బల్బు, లెక్కపెడుతున్నాను, ఇరవై మూడో సీసా పిల్లలు ఒక్కటి కూడా షాకు వాసన వైపు కదల్లేదు. మళ్లీ చేశాను. ఏడు సార్లు చేశాను. మెదడు తీసి చూస్తే ఆకలిలో కూడా కొసలు చిగురించి ఉన్నాయి. ఆ రోజు రోజా విడిచే వేళ దాటిపోయిన సంగతి కూడా నాకు తెలీలేదు, తర్వాత నీళ్లు తాగుతూ ఏడ్చాను. మిగతా ముప్పై తొమ్మిది మంది తల్లుల పిల్లలూ మామూలు ఈగల్లాగే మరచిపోయారు. అవీ పులివెందులవే, అదే కుప్ప, అవే చీనీకాయలు. నలభై మందికీ పట్టిక గీసి నోటుపుస్తకంలో రాసి సార్ బల్ల మీద పెట్టాను. పట్టికలు నేను చూడనమ్మా, గ్రాఫు తే అన్నారు.

గ్రాఫు తెచ్చినప్పుడు సార్ చాలా సంతోషించారు, ఆ మాట అనకపోతే పాపం. సంతోషం పట్టలేక పెద్ద సెమినారులో, బయటి దేశాల వాళ్లు కూర్చున్నచోట, నన్ను లేపి నిలబెట్టి, ఈమె మా పులివెందుల ఫ్యాక్షనిస్టు అని పరిచయం చేశారు. ఈమె ఈగలు కూడా అంతే, కడుపు మాడినా పగ మరచిపోవు, సీసా మూత తీసేటప్పుడు జాగ్రత్త, బాంబు ఉంటుందేమో! గది గదంతా నవ్వింది. నాది ప్రొద్దుటూరు సార్ అని కూడా అనలేదు నేను. నవ్వాను. పళ్లు కనపడేట్టు నవ్వాను. ఆయన అన్నదానికంటే నేను నవ్వినదానికి ఇప్పుడు ఈ బస్సులో కూర్చుని చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది. తర్వాత అది ఆయనకు అలవాటైపోయింది, ఎవరొచ్చినా ఫ్యాక్షన్ ఈగలు, ఫ్యాక్షన్ అమ్మాయి, కత్తి తెచ్చావా అని. అదంతా ముద్దు అనుకున్నాను, చనువు అనుకున్నాను, మనవాళ్లు కాకపోతే ఎందుకు ఆటపట్టిస్తారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చనువున్న మనిషిని తీసుకెళ్లి ఆఖరి పేజీలో ఏసీ మిషన్ల పక్కన పెడతారా?

ముద్దనూరులో బస్సు ఆగింది. రైలుకు పోయేవాళ్లు దిగారు, శనక్కాయలమ్మే ఆమె ఎక్కి దిగింది, డ్రైవరు టీకి పోయాడు. పదకొండుంపావు. ఎనిమిది నెలలు పస్తు పెట్టి, ఇప్పుడు తిండి చూపించి, కొట్టిన చోటికే మళ్లీ వస్తానో రానో అని నన్ను గొట్టంలో వేసి చూస్తున్నాడు ఈ మనిషి. వేస్తే వేశాడు, పోతాను, మూడేళ్లు నోరు మూసుకుని పనిచేసుకుంటాను, సొంతంగా ఇంకో పేపరు రాసుకుంటాను, ఒక్క పేపరు పోతే ఏం, అందరికీ ఎక్కడో ఒకచోట పోతుంది, లోకంలో ఎవరి పేరు ఎక్కడ సరిగా ఉంది గనక. డ్రాఫ్టుల్లోంచి థాంక్యూ సార్ బయటికి తీశాను. దాని కింద అభ్యంతరం లేదు అని కూడా రాశాను. ఈగల మాటకేం రాయాలా అని మళ్లీ ఆయన మెయిలు చూశాను. అదే కుప్ప మీద నుంచి ఓ యాభై. ఎందుకూ? జైబున్నీసా ల్యాబులోనే ఉంది కదా, మూడో అరలో పచ్చ ట్రేలో, పన్నెండు సీసాలు, నేను వచ్చేటప్పుడు చీటీలు కొత్తగా రాసి, పద్నాలుగో రోజుల పట్టిక గోడకు అంటించి, రాజశేఖరు చేత చేతిలో చెయ్యి వేయించుకుని అప్పజెప్పి వచ్చాను. ఉన్నదాన్ని పెట్టుకుని కుప్ప మీది ఈగలు ఎవడిక్కావాలి?

మెయిలు కిందికి జరిపితే ఇంకా ఉంది. సార్ ఎప్పుడూ అంతే, పాత మెయిలు మీదనే కొత్తది రాసి, కింద ఉన్నది తుడవకుండా పంపేస్తారు. కింద పత్రిక సంపాదకురాలి ఉత్తరం. మీ పేపరు ప్రచురణకు తీసుకున్నాము, అయితే మా నియమం ప్రకారం, మీరు చెప్పిన ఈగల వంశాన్ని నెలలోపల వంశాల భాండాగారానికి అప్పగించాలి, ఎవరైనా తెప్పించుకుని పరీక్షించుకునే వీలుండాలి. దానికి సార్ జవాబు, తప్పకుండా, పీవీ ఏడు మా దగ్గర క్షేమంగా ఉంది, త్వరలోనే పంపుతాము. దాని కింద రాజశేఖరుకు ఒక ముక్క, సాజియా ఉంది కదా, చూద్దాం. ఉన్న వంశాన్ని పంపడానికి నాతో పనేమిటి? బస్సు కదిలింది. శిల్పకు ఫోను చేశాను, ల్యాబులో నాతోపాటు చేరిన గుంటూరు పిల్ల, నాతో అబద్ధమాడటం చేతకాదు దానికి.

"శిల్పా, నా పచ్చ ట్రే ఎట్లుంది?"

అటు తలుపు మూసిన చప్పుడు వినపడింది. తర్వాత, "ఎవరు చెప్పారు సాజీ నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వు చెప్పు."

"మే నెలలో. సెలవులకి అందరం వెళ్లిపోయాం కదా, రాజశేఖర్ ఉంటానన్నాడు, వాడూ వెళ్లిపోయాడు. ట్రేలు పెట్టే కూలింగ్ పెట్టె ఆగిపోయింది. అయిదు వారాలు ఎవరూ తలుపు తియ్యలేదు. నేను వచ్చి చూసేసరికి..."

"ఒక్క సీసా కూడా మిగల్లేదా?"

"ఒక్కటీ లేదే. నీకు చెప్పొద్దని సార్ మా అందరి దగ్గరా మాట తీసుకున్నారు." ఏడుస్తోంది. నేను ఓదార్చాలి కాబోలు ఆ పిల్లని! ఫోను పెట్టేశాను.

నూట ఎనభై తరాలు. మే నెల ఎండలో, మూసిన పెట్టెలో, మేత గట్టిపడి పగుళ్లిచ్చి, దూది బిరడాల కిందికి ఎక్కి ఎక్కి. ఈగలకు ఏడుస్తావా అంటారు. ఏడుస్తాను. ఏడేళ్లు పద్నాలుగు రోజులకొకసారి ఒక్క ప్రాణీ జారిపోకుండా తట్టి తట్టి మార్చినదాన్ని, నేను కాకపోతే ఎవరు ఏడుస్తారు. అవి చచ్చిపోయిన నెలలోనే, లెక్క కట్టి చూశాను, నేను సార్‌కు ఫోను చేశాను, నా వంశం బాగుందా సార్ అని అడిగాను, నీ ఫ్యాక్షన్ ఈగలకేంటమ్మా, మమ్మల్నే బెదిరిస్తున్నాయి అని నవ్వారు. ఆ నవ్వు ఇప్పుడు చెవిలో మోగుతోంది. "ఏం పాపా, ఎవరన్నా పోయినారా?" అని పెంచలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. తల ఊపాను. ఎవరని ఆమె అడగలేదు, తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఇచ్చింది. రోడ్డుకు రెండు పక్కలా చీనీ తోటలు మొదలయ్యాయి, మధ్యలో అరటి, బోర్ల దగ్గర పచ్చగా, మిగతా చోట ఎర్రమన్ను.

ఆగు, ఆగు. యాభై ఈగలు పట్టుకురా అన్నాడు. అంటే ఈ మనిషి నిజంగానే అనుకుంటున్నాడు, ఆ కుప్ప మీద ఏ ఈగను పట్టినా అదేనని. పులివెందుల ఈగలంటే అన్నీ అంతేనని! నలభై మంది తల్లుల పట్టిక ఆయన బల్ల మీద ఏడాది పడి ఉంది, తెరవలేదు. అన్నీ మరచిపోయే ఈగలే, ఒక్క తల్లి పిల్లలు తప్ప, ఆ ఒక్కదాని గుణాన్ని ఊరు ఊరంతటికీ అంటగట్టేశాడు. ఊరు చూడకుండానే, నాది ఏ ఊరో తెలుసుకోకుండానే, అందరం ఒకటే. పేపరులో కూడా అదే రాశాడు, ఇప్పుడు చూస్తే కనపడుతోంది, ఆ ప్రాంతపు ఈగల్లో ఈ లక్షణం ఉంది అని మూడుచోట్ల. సైన్సు అది, ఆయనకు అవార్డులు వచ్చిన సైన్సు! ఇరవై మూడో తల్లి ఏడేళ్ల కిందట ఆ కుప్ప మీద వాలింది, నా వలలో పడింది, మళ్లీ అటువంటిది దొరకాలంటే ఎన్ని వందల తల్లుల్ని విడివిడిగా పెంచి పస్తులు పెట్టి చూడాలో, దొరుకుతుందో దొరకదో ఎవరికీ తెలీదు.

కానీ కంటికి తేడా ఉండదు. అదే ఎరుపు కళ్లు, అదే నూగుగింజంత ఒళ్లు. యాభై పట్టి ఐసులో పెట్టి తీసుకెళ్లి పీవీ ఏడు అని చీటీ అంటిస్తే ఈ రోజుకు ఎవరూ కనిపెట్టలేరు. నాకు పోస్టు వస్తుంది, సార్‌కు పేపరు వస్తుంది. ఈ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని బొంకను, వచ్చి ఒక రెండు కిలోమీటర్లు నాతో ప్రయాణం చేసింది. ఆరు నెలలకో ఏడాదికో ఏ దేశంలోనో ఎవరో ఒక పిల్ల ఆ ఈగల్ని తెప్పించుకుని, నాలాగే చీకటి గదిలో కూర్చుని లెక్కపెడుతుంది, అవి పస్తు పెడితే అన్నీ మరచిపోతాయి. అప్పుడు అందరూ అడుగుతారు, ఎవరు పట్టారు ఈ ఈగల్ని అని. ఆఖరి పేజీ తిప్పుతారు. ఫీల్డు సాయం, సాజియా. నేను చూసింది కూడా అబద్ధమైపోతుంది. ఆ ఎర్ర బల్బు కింద ఏడుసార్లు లెక్కపెట్టింది, నీళ్లు తాగుతూ ఏడ్చింది, ఏదీ జరగనట్టే. అది తలుచుకున్నాక దాహం కూడా పోయింది, ఒళ్లంతా ఒకటే మంట.

పన్నెండుకు పద్దెనిమిది నిమిషాలు. థాంక్యూ సార్ తుడిచేశాను. అభ్యంతరం లేదు అన్నది తుడిచేశాను. జవాబు అన్న బొత్తాం నొక్కి, పైన సార్ పేరు పక్కన రాజశేఖర్‌ను, ఆ తర్వాత సంపాదకురాలిని చేర్చాను. ఆమె మెయిలు చిరునామా ఆ కింది ఉత్తరంలోనే ఉంది, ఆయన తుడవలేదు కాబట్టి. బస్సు గుంతల్లో ఎగిరినప్పుడల్లా అక్షరాలు తప్పు పడుతున్నాయి, దిద్దుకుంటూ రాశాను. ఈ వంశాన్ని పట్టింది నేను, పెంచింది నేను, కనిపెట్టింది నేను, దీని పేరు పీవీ ఏడు కాదు, జైబున్నీసా. ఇది ఒక ప్రాంతపు ఈగల గుణం కాదు, నలభై మంది తల్లుల్లో ఒక్క తల్లి సంతతి గుణం, ఆ పట్టిక నా దగ్గర ఉంది, ఈ సాయంత్రమే ఫొటోలు తీసి పంపుతాను. ఈ సంతతి మే నెలలో చనిపోయింది, ఒక్క ఈగ కూడా మిగల్లేదు, క్షేమంగా ఉందని మీకు రాసింది అబద్ధం. మార్కెట్టు నుంచి నేను ఈగల్ని తేవడం లేదు. ఈ పేపరుకు నాకు అభ్యంతరం ఉంది. పోస్టు గురించి ఏమీ రాయలేదు, రాయనక్కర్లేదు, ఇది చదివాక ఇచ్చేవాడెవడు. ఆ మాట దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. ముప్పై నాలుగు. బిట్లు, బల్లలు. మళ్లీ ఎప్పుడు మైక్రోస్కోపు ముందు కూర్చుంటానో, కూర్చుంటానో లేదో. చాలా భయం వేసింది. ఆ భయంతోనే పంపేశాను.

పంపాక ఏమీ జరగలేదు. కండక్టరు ఎవరితోనో చిల్లరకు పోట్లాడుతున్నాడు, వెనక ఎవరి పిల్లో ఏడుస్తోంది, పులివెందుల నాలుగు కిలోమీటర్లు అన్న రాయి వెనక్కి పోయింది. ఆ తర్వాత ఫోను మోగింది, సార్. ఏడేళ్లలో ఆయన ఫోను వస్తే నేను ఎప్పుడూ లేచి బయటికి పోయి, గోడ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మాట మాటా కడిగి తుడిచి మాట్లాడేదాన్ని. ఇప్పుడు పోవడానికి చోటు లేదు, కూర్చున్నచోటే ఎత్తాను.

"సాజియా, ఏం చేశావో తెలుస్తోందా నీకు?" ఎప్పటి నవ్వు లేదు ఆ గొంతులో. "ఇది మన ల్యాబు విషయం. వెంటనే ఇంకో మెయిలు పెట్టు, పొరపాటున పంపానని. పోస్టు నీదే, పేరు సంగతి కూడా కూర్చుని మాట్లాడుకుందాం. ఎక్కడున్నావు? పక్కన ఎవరన్నా ఉన్నారా? కాస్త మెల్లగా మాట్లాడు."

పెంచలమ్మ నా వైపు వంగింది. ముందు సీటాయన మళ్లీ తిరిగాడు. ఫోను చెవి దగ్గర నుంచి తీసి స్పీకరు పెట్టి, థర్మాకోల్ పెట్టె మీద ఉంచాను.

"బస్సులో ఉండా సార్. ఈడ అందరూ ఇంటాండారు. నా ఈగలు ఎట్ల సచ్చిపోయినాయో గట్టిగా చెప్పండి."